పదును

గుప్పిలి ముయ్యలేను.
మూస్తే, ఎవరో అరచేతిలో నిప్పుకణిక పెట్టి
తీసుకోవటం మరిచిపోయినట్టుంటది.

టంగుటూరులో బస్సెక్కి ఒంగోల్లో దిగేదాకా
పైకమ్మీకి మోచెయ్యి మెలేసి నిలబడ్డాను.
"పట్టుకోమ్మా, పడతావు" అన్నాడు కండక్టరు.
ఏం పట్టుకోమంటావు నాయనా,
నువ్విచ్చిన టిక్కెట్టు అంచే కోస్తంటే.

పొద్దున మూడు మాత్రలు, రాత్రి మూడు.
పద్నాలుగు రోజులు మింగాలి, ఏడు రోజులు విడుపు.
లోపల గడ్డ కరుగుతున్నదంట.
పైన నేను కరగటం నాకు కనపడతానే ఉంది.

నర్సమ్మ అరచేతులు తిప్పి చూసింది,
పాదాలు చూసింది,
కాయితం మీద రాసింది: గ్రేడ్ టూ.

నవ్వొచ్చింది.
ముప్పై ఏళ్ళు గ్రేడింగు షెడ్డులో కూర్చున్నదాన్ని.
చూడకుండా, వట్టి బొటనవేలితో తడిమి
ఇది అడుగాకు, ఇది నడిమాకు, ఇది కొసాకు అని
ఆకులకు కులాలు చెప్పినదాన్ని.
మచ్చాకును అవతలికి విసిరేసినదాన్ని.
ఇప్పుడు నన్నెవరో
వెలుతురుకి పట్టి చూస్తున్నారు.

"త్రీ అయితే మాత్రలు ఆపుతారమ్మా. దాచుకోకుండా చెప్పు."
మాత్రలాపితే
గడ్డ కూడా విడుపు తీసుకుంటదా?
అడగలేదు. పాదాలు చెప్పుల్లో దూర్చుకున్నాను.

ఆకుకి పదును ఉండాలి.
పదును లేని ఆకును తాకితే పెళుక్కున విరుగుద్ది.
అందుకే తెల్లారుజామున మంచు దిగే వేళకి
బ్యారన్ తలుపులు బార్లా తీసిపెట్టేవాళ్ళం.
తేమ పీల్చుకుని ఆకు
ఉతికిన గుడ్డలాగా మెత్తబడేది.
అందాకా చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు మేస్త్రి.

ఇప్పుడు నాకూ అదే కావాల.
వేడినీళ్ళు తగలకూడదు. సబ్బు రుద్దకూడదు.
తుడుచుకోకూడదు, అద్దుకోవాలి.
తడి ఆరకముందే క్రీము పుయ్యాలి.
నా పాత నేతచీరొకటి చించి
మాలకొండయ్య జేబురుమాళ్ళంత ముక్కలు చేశాడు.
గిన్నెలు ఆయనే తోముతున్నాడు,
మిరపకాయలు ఆయనే తుంచుతున్నాడు,
ఆ చేత్తో కళ్ళు నులుముకుని
నన్ను తిడుతున్నాడు.

రాత్రయితే నా పాదాలు ఒళ్ళో పెట్టుకుంటాడు.
వేలం ప్లాట్‌ఫారం మీద బేళ్ళు మోసీ మోసీ
ఆయన అరచెయ్యి ఉప్పుకాగితం.
మొదటిరోజు రాయంగానే కెవ్వుమన్నాను.
ఉలిక్కిపడి తీసుకుని
చాలాసేపు చూసుకున్నాడు దాన్ని,
తప్పు చేసొచ్చిన పిల్లోణ్ణి చూసినట్టు.
మర్నాటినుంచి
చెయ్యి తిరగేసి వెనకవైపుతో రాస్తున్నాడు.
ముప్పైరెండేళ్ళ కాపురం.
ఆ చేతికి వెనకవైపు అంత మెత్తనని
నాకు తెలియనే తెలియదు.

రేషనుకొట్లో మిషను మూడుసార్లు కాదంది.
బొటనవేలు. చూపుడువేలు. మళ్ళీ బొటనవేలు.
గీతలు లేవు, పొరతో పాటే లేచిపొయ్యాయి.
"ఆదెమ్మా, నువ్వు నువ్వు కాదంటందే ఇది"
అని నవ్వాడు డీలరు.
వెనకనుంచి దీనమ్మ గసిరింది:
"వేళ్ళు అరిగేదాకా పని చేసింది, నీ మిషనుకేం తెలుసు.
కళ్ళు పెట్టించరా."
కళ్ళు పెట్టాను. పచ్చలైటు వెలిగింది.
బియ్యం సంచి దీనమ్మ నెత్తికెక్కింది.
చక్కెర పొట్లం నా మోచేతి మడతలో.

ఈ రాత్రి విడుపు రోజుల్లో అయిదోది.
ఉక్క. కిటికీ తియ్యమన్నాను.
సముద్రం వైపునుంచి గాలి,
కాస్త ఉప్పు, కాస్త తడి.
అరచేతులు వెల్లకిలా పెట్టుకుని పడుకున్నాను.
చిటికెనవేలి కింద, ఊడిన తోలు పక్కన
సన్నగా, గులాబీరంగున
ఏదో లేస్తా ఉంది.
నర్సమ్మకి నిజం చెబుతానో లేదో
ఇంకా అనుకోలేదు.

మాలకొండయ్య వంగి చూడబోయాడు.
ఉండయ్యా,
ఇప్పుడే ముట్టుకోమాక.
పదునెక్కనీ.